దొర దర్వాజకు టేకు, కూలీ దర్వాజకు చెదలేనా?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కూలి చేసుకుని బతికే కుటుంబం రెక్కలు ముక్కలు చేసుకుంటే గాని ఒక ఇల్లు లేవదు. చిట్టీ ఎత్తుకుని, మిత్తికి తెచ్చి, ఆడవాళ్ల చెవులకున్నవి కుదువ పెట్టి కట్టుకున్న ఇల్లు అది. ఆ అప్పు తీరక ముందే దర్వాజ చౌకట్టు అడుగున మట్టి గీత కనబడుతుంది. వేలితో నొక్కితే పైన రంగు మాత్రమే వుంటుంది, లోపల కట్టె వుండదు. చెద తినిపోయింది. మళ్లీ అప్పు, మళ్లీ మిత్తి. పంట పోతే పంచనామా అయినా వుంటుంది. చెద పట్టిన దర్వాజకు పంచనామా లేదు.

హైదరాబాదు పక్కనే, ఇబ్రహీంపట్నం ప్రాంతంలో వున్న కోహెడ పేరు ఇటీవలి సంవత్సరాల్లో పండ్ల మార్కెట్టుతో కలిసి పత్రికల్లోకి ఎక్కింది. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును తాత్కాలికంగా ఇక్కడికి తరలించారు. ఆ మే నెల మొదట్లో వచ్చిన గాలివానకు రేకుల షెడ్లు కూలి, కింద వున్న పలువురు గాయపడ్డారు. ఆ షెడ్లను కూల్చింది చెదలు కాదు, గాలి. అయితే ఏ కప్పు కూలినా దాని కింద వుండేది ఎవరన్న సంగతి ఆ రోజు మరోసారి రుజువైంది. గాలి ఒక్క పూటలో చేసిన పనిని చెద, పుచ్చు పేదవాడి ఇంట్లో కొన్నేళ్లలో చప్పుడు లేకుండా చేస్తాయి. గాలి దెబ్బ వార్త అవుతుంది, చెద దెబ్బ కాదు. అందుకే కట్టెను కాపాడుకునే ఒక చవక పద్ధతి గురించి ఈసారి రాయాలని మేము అనుకున్నాం. కోహెడ నుంచి యాచారం, మంచాల దాకా కూలి చేసుకునే వాళ్లకూ, వడ్రంగులకూ, సంఘం కార్యకర్తలకూ ఇది పనికి వస్తుంది.

ఎవరికి ఏ కట్టె?

కట్టెలో రెండు భాగాలుంటాయి. నడుమ ముదురు రంగులో వుండేది చేవ. దాని చుట్టూ తెల్లగా వుండేది లేత కట్టె. టేకు చేవలో సహజంగానే పురుగుకు, కుళ్లుకు సరిపడని పదార్థాలున్నాయి. అందుకే పాత గడీల దర్వాజలు తరాలు గడిచినా నిలబడి వున్నాయి. లేత కట్టెకు ఆ రక్షణ లేదు. చెట్టు తన ఆహారాన్ని పిండి పదార్థంగా దాచుకునేది అందులోనే. పుచ్చు పురుగు వెదుక్కుంటూ వచ్చేది ఆ పిండి కోసమే.

మరి కూలీ ఇంటికి దొరికే కట్టె ఏది? మామిడి, నీలగిరి, సుబాబుల్, చిన్న వయసులోనే కొట్టిన తుమ్మ, యాప. వీటిలో చేవ తక్కువ, లేత కట్టె ఎక్కువ. ఏ వడ్రంగినడిగినా చెప్పేది ఇదే: "చేవున్న కట్టెకు నేను జిమ్మ. తెల్లకట్టె తెచ్చి చౌకట్టు చెయ్యమంటే చేస్త గని, ఎన్నేండ్లుంటదో నన్నడగొద్దు." టేకు కొనగలిగినవాడు ఒక్కసారి కొంటాడు. కొనలేనివాడు రెండుసార్లు, మూడుసార్లు కొంటాడు. పేదరికం ఎప్పుడూ ఖరీదైనదే.

ఒకనాటి సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో వడ్రంగులు దేశ్‌ముఖుల నాగళ్లు, బండ్లు, ఇతర పనిముట్లు వెట్టికి చేయాల్సి వచ్చేది. కూలి లేదు, కట్టెకు ధర లేదు. 1946 నుంచి 1951 దాకా నడిచిన రైతాంగ పోరాటం ఎత్తిన నినాదాల్లో వెట్టి రద్దు ఒకటి. వెట్టి పోయింది. కాని మంచి కట్టె దొర ఇంటికి, పుచ్చు కట్టె కూలీ ఇంటికి అన్న పంపకం మాత్రం బజారు రూపంలో అలాగే మిగిలింది.

చెద, పుచ్చు, కుళ్లు

ఈ మూడూ ఒకటి కావు. చెద నేలలోంచి వస్తుంది. వెలుతురు, గాలి సోకకుండా మట్టితో సొరంగం కట్టుకుంటూ గోడ మీదుగా కట్టెకు చేరుతుంది. కట్టెను కొరుకుతుంది గాని, చాలా రకాల చెదలు దాన్ని సొంతంగా అరిగించుకోలేవు. కడుపులో వుండే సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి. పుచ్చు పురుగు వేరు. ఇది కట్టె లోపలే గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు లోపల తింటూ పెరిగి, సన్నని రంధ్రం చేసుకుని బయటకు వస్తుంది. మంచంపట్టె కింద మెత్తని పిండి రాలిందంటే అది పుచ్చు పని. ఇక కుళ్లు అనేది బూజు జాతి. కట్టెలో తడి నూటికి 20 పాళ్లకు మించి నిలబడితే అది పెరగడం మొదలవుతుంది. కారే కప్పు కింద దూలం కొసలు, స్నానాల గది దర్వాజ అడుగు ముందుగా పోయేది ఇందుకే.

మన పెద్దలకు ఇదంతా ప్రయోగశాల లేకుండానే తెలుసు. కొట్టిన వెదురును చెరువులో వారాల తరబడి నానబెట్టేవారు. నీళ్లలో పిండి పదార్థం పోతుంది, పుచ్చు తగ్గుతుంది. గుంజను నేల మీద కాక రాతి మీద నిలబెట్టేవారు. పొయ్యి పొగ తగిలే దూలానికి పురుగు తక్కువ. ఇవి మూఢనమ్మకాలు కావు, అనుభవం నేర్పిన శాస్త్రం. ఈ శాస్త్రానికి తర్వాత వచ్చిన రసాయన శాస్త్రం కొన్ని మేళ్లు చేసింది, కొన్ని కీడులూ చేసింది.

ఒక తెలుగు ఇంజనీరు, ఒక విషం

1906లో ఏర్పడిన డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం అనే తెలుగు ఇంజనీరు 1933లో ఒక మందును తయారు చేశాడు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ఆ మందుకు ఆస్క్యూ అని పేరు. 1938లో ఆయనకు అమెరికా పేటెంటు వచ్చింది. కట్టెలోకి ఒత్తిడితో ఎక్కించిన ఈ మందు వానకు కడుక్కుపోదు, నేలలో పాతినా పనిచేస్తుంది. ప్రపంచమంతటా స్తంభాలకు, కంచెలకు, ఇళ్లకు దీన్ని వాడారు. అది చిన్న విషయం కాదు.

అయితే అందులో వున్న ఆర్సెనిక్ అంటే పాషాణం. ఆ కట్టెను కోసినప్పుడు లేచే దుమ్ము, ముక్కలను పొయ్యిలో పెడితే వచ్చే పొగ, మిగిలే బూడిద అన్నీ ప్రమాదమే. ఈ దుమ్ము ఎవరి ముక్కులోకి పోతుంది? కోత మిషను దగ్గర పనిచేసే కూలీ ముక్కులోకే. ఆ ముక్కలు ఏరుకుని వంట చేసేది ఎవరు? ఆ కూలీ ఇంటి ఆడవాళ్లే. అమెరికాలో 2003 చివరికి ఇళ్లకు వాడే కట్టెలో దీన్ని ఆపేశారు. చెదకు చల్లిన ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ లాంటి మందుల కథ ఇంకో రకం. నేలలో, ఒంటి కొవ్వులో ఏళ్ల తరబడి నిలిచిపోయే ఆ విషాలు 2001 స్టాక్‌హోం ఒప్పందం జాబితాకు ఎక్కాయి. అంటే అంతకు ముందు చాలా ఏళ్లు వాటిని వట్టి చేతులతో చల్లినవాళ్లు వున్నారన్న మాట.

కంసాలి కొలిమిలోని వెలిగారం

ఈ విషాలన్నిటి పక్కన చాలాకాలం పెద్దగా గుర్తింపు లేకుండా వున్న పదార్థం ఒకటుంది. దాన్ని మనం వెలిగారం అంటాం. బంగారం అతికేటప్పుడు కంసాలి వేసేది అదే. ఇంగ్లీషు పేరు బోరాక్స్. దాని తోబుట్టువు బోరిక్ ఆమ్లం, మనం బోరిక్ పౌడర్ అనేది. క్యారమ్ బల్ల మీద చల్లే తెల్లపొడి సాధారణంగా ఇదే. ఈ రెంటినీ నీళ్లలో కలిపి కట్టెకు పట్టిస్తే చెద, పుచ్చు, కుళ్లు మూడింటికీ అడ్డుకట్ట పడుతుంది.

ఎలాగంటే, బోరాన్ కట్టెతో పాటు పురుగు కడుపులోకి పోతుంది. అక్కడ జీర్ణక్రియను దెబ్బతీస్తుంది, చెద కడుపులోని సూక్ష్మజీవులను చంపుతుంది. బూజును పెరగనివ్వదు. దీనికి వాసన లేదు, రంగు లేదు, ఆవిరై గాలిలో కలవదు. కట్టె తడిసిపోకుండా వున్నంత కాలం అది లోపలే వుంటుంది. ముఖ్యమైన గుణం ఇంకొకటి: తడి వున్న చోటికి అది తనంతట తాను పాకుతుంది. ఆస్క్యూకు ఒత్తిడి యంత్రం కావాలి. వెలిగారానికి పచ్చి కట్టె, ఒక తొట్టి, కొంచెం ఓపిక చాలు. అంటే ఇది ఫ్యాక్టరీ యజమాని చేతిలో మాత్రమే వుండాల్సిన విద్య కాదు. వాడలోని వడ్రంగి కూడా చేయగలడు.

కేరళలో రబ్బరు చెట్టు కట్టె కథ చూడండి. పాలు అయిపోయిన చెట్టును ఒకప్పుడు వంటచెరకుగా, చవక పెట్టెలకు మాత్రమే వాడేవారు. కోసిన కొద్ది రోజులకే పుచ్చి, నల్లబడేది. బోరాన్ పట్టించి ఆరబెట్టడం మొదలైన తర్వాత అదే కట్టె కుర్చీలకు, బల్లలకు ముడిసరుకైంది. కట్టె మారలేదు, దానికి చేసిన వైద్యం మారింది. మన మామిడి కట్టెకూ ఈ వైద్యం చేయవచ్చు.

చేసే పద్ధతి

భారత ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 401 అనే నియమావళిలో బోరిక్ ఆమ్లం, వెలిగారం మిశ్రమానికి చోటుంది. లెక్క సులువు. రెండు పాళ్లు బోరిక్ ఆమ్లానికి మూడు పాళ్లు వెలిగారం. 100 లీటర్ల నీటికి 3 కిలోల వెలిగారం, 2 కిలోల బోరిక్ ఆమ్లం కలిపితే సుమారు 5 పాళ్ల ద్రావణం అవుతుంది. దూలాల వంటి మందపు కట్టెకు దీన్ని రెట్టింపు చేయాలి, అంటే 6 కిలోలు, 4 కిలోలు. గోరువెచ్చని నీళ్లలో త్వరగా కరుగుతాయి. విడివిడిగా కంటె రెండూ కలిస్తే ఎక్కువ కరుగుతాయి. క్యారమ్ పౌడర్ డబ్బాలు కొనవద్దు, ధర ఎక్కువ, కల్తీ సంగతి తెలియదు. రసాయనాల దుకాణంలో కిలోల లెక్కన అడగాలి.

మొదటి నియమం: కట్టె పచ్చిగా వుండగానే చేయాలి. కోసి, బెరడు తీసి, కొలత ప్రకారం చెక్కి, కూసాలు, బెజ్జాలు అన్నీ వేసిన తర్వాతే తొట్టిలో ముంచాలి. ముంచాక కోస్తే, కోసిన చోట లోపలి కట్టె పురుగుకు దారి ఇస్తుంది. తప్పక కోయాల్సి వస్తే ఆ కొసకు మళ్లీ మందు పూయాలి. రెండు మూడు రోజులు నానిన తర్వాత కట్టెలను దగ్గర దగ్గరగా పేర్చి, పాలిథిన్ కవరుతో గాలి చొరకుండా కప్పాలి. లోపలి తడి ఆరకుండా వుంటే బోరాన్ నెమ్మదిగా నడుమకు చేరుతుంది. అంగుళం మందానికి సుమారు నెల రోజులని లెక్క పెట్టుకోవచ్చు. ఆ తర్వాత నీడలో ఆరబెట్టి, రంగు గాని నూనె గాని పూస్తే పని పూర్తయినట్టే.

వెదురుకైతే కణుపుల లోపలి అడ్డుగోడలను సన్నని ఇనుప చువ్వతో పొడిచి, ద్రావణంలో వారం, పది రోజులు పూర్తిగా ముంచి వుంచాలి. పైన బెరడు గట్టిగా వుంటుంది కాబట్టి మందు లోపలి నుంచే ఎక్కాలి.

ఇప్పటికే కట్టిన ఇంట్లో ఎండిన దర్వాజ, దూలం వుంటే? కుంచెతో 10 పాళ్ల ద్రావణాన్ని రెండు మూడు పూతలు పూయవచ్చు. రంగు వున్న చోట ముందు గీకి తీయాలి, లేకపోతే మందు లోపలికి పోదు. ఎండు కట్టెలో అది పైపైనే వుంటుంది కనుక పచ్చి కట్టెకు చేసిన వైద్యంతో ఇది సమానం కాదు. పుచ్చి డొల్లయిన కట్టెకు మళ్లీ బలం రాదు. అలాంటి దూలం కింద పిల్లలను పడుకోబెట్టకుండా, దాన్ని మార్చడమే దారి.

ఇది చేయలేని పనులు

ఏ మందునూ సర్వరోగ నివారిణి అని చెప్పడం వ్యాపారుల పని, మన పని కాదు. వెలిగారం నీళ్లలో కరిగేది. ఎలా లోపలికి పోయిందో అలాగే బయటకూ వస్తుంది. నేలలో పాతిన గుంజకు, వానలో తడిసే కంచెకు, ఎప్పుడూ తడిగా వుండే చోటికి ఇది నిలవదు. అలాంటి చోట మన రాతి కడీలే మేలు. కప్పు కారుతుంటే ముందు కప్పు బాగుచేయాలి, తర్వాతే మందు. చెద ఈ మందును చూసి పారిపోదు కూడా. మందు పట్టిన చౌకట్టు మీదుగా మట్టి సొరంగం కట్టుకుని పైన వున్న మందు లేని వాసాలకు పోగలదు. కాబట్టి నెలకోసారి గోడలు, మూలలు చూసి మట్టి గీతలు కనబడితే రాల్చేయాలి. గుంజ కింద రాయి పెట్టడం మానవద్దు. పాత అనుభవం, కొత్త మందు రెండూ కలిసి పనిచేయాలి.

చేతుల సంగతి

ఆర్సెనిక్ కంటె ఇది ఎంతో మేలే గాని పూర్తిగా హాని లేనిదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఎక్కువ మోతాదులో సంతానశక్తికి, కడుపులోని బిడ్డకు హాని చేయగలదన్న కారణంతో ఐరోపా సమాఖ్య 2010లో బోరిక్ ఆమ్లాన్ని ఆందోళనకర పదార్థాల జాబితాలో చేర్చింది. గర్భిణీ స్త్రీలు దీన్ని కలపడం, పూయడం చేయకూడదు. రబ్బరు తొడుగులు వేసుకోవాలి, పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. చేతికి కోసుకుపోయిన గాయం వుంటే ఆ పని మరొకరు చేయాలి. ఈ పొడి చూడడానికి ఉప్పులా, పిండిలా వుంటుంది. వంటింట్లో పెట్టకూడదు, వంట గిన్నెలో కలపకూడదు, పిల్లలకు అందకూడదు.

రైతు గమనించాల్సింది మరొకటుంది. బోరాన్ పైరుకు కొంచెమే కావాలి. వేరుశనగకు, మామిడికి బోరాన్ లోపం వుంటే బోరాక్స్ వాడమని చెప్పడం మనకు తెలిసిందే. ఆ కొంచెం దాటితే అదే విషం, ఆకుల అంచులు మాడిపోతాయి. అందుకని మిగిలిన ద్రావణాన్ని చేనులో, నారుమడిలో, బావి దగ్గర పారబోయకూడదు. మూతపెట్టి దాచి తర్వాతి కట్టెకు వాడుకోవాలి.

ఇంటి జాగాయే లేనివాడికి ఎందుకిది?

ఔటర్ రింగు రోడ్డు పక్కన భూములు ప్లాట్లుగా మారిపోతున్న ఈ ప్రాంతంలో కూలీకి ఇంటి జాగాయే దొరకడం లేదు, చౌకట్టుకు మందు గురించి చెప్పడమెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. జాగా కోసం పోరాటానికి వెలిగారం బదులు కాదు. కాని పోరాడి సాధించుకున్న ఇంటిని చెద తినిపోతుంటే చూస్తూ కూర్చోవడం పోరాటంలో భాగం కాదు గదా. సాధించుకున్నదాన్ని నిలబెట్టుకోవాలి.

ఈ పని ఒక్కొక్కరు విడిగా చేసుకుంటే ఖర్చు. పదిమంది కలిస్తే ఒక తొట్టి, ఒక కవరు, ఒక నెల. అయినా ఇదంతా జనం నెత్తినే పెట్టి సర్కారు తప్పుకుంటే కుదరదు. న్యూజిలాండ్ అనుభవం ఇందుకు సాక్ష్యం. అక్కడ 1950ల నుంచీ ఇళ్లకు వాడే పైన్ కట్టెకు బోరాన్ పట్టించేవారు. 1990లలో నిబంధనలు సడలించి, యంత్రంలో ఆరబెట్టిన కట్టెను మందు లేకుండానే వాడుకోవచ్చన్నారు. నీళ్లు దిగేలా కట్టిన గోడలు, మందు లేని కట్టె రెండూ కలిసి వేలాది ఇళ్లు లోలోపల కుళ్లిపోయాయి. ఇళ్లు కొన్న కుటుంబాలు నష్టపోయాయి. 2004లో మళ్లీ మందు పట్టించిన కట్టెకు తిరిగి వచ్చారు. పొదుపు పేరుతో నియమాన్ని ఎత్తేస్తే బిల్లు చివరికి ఎవరికి వస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తెలంగాణలో 2024 మార్చిలో ఇందిరమ్మ ఇళ్ల పథకం ప్రారంభమైంది. సొంత జాగా వున్న పేద కుటుంబానికి ఇంటికి 5 లక్షల రూపాయలు ఇస్తామన్నారు. ఆ ఇళ్లకు చౌకట్లు, దర్వాజలు ఏ కట్టెతో వస్తున్నాయి? దానికి ఏ రక్షణ వుంది? ఈ ప్రశ్నలు అడిగే హక్కు మనకుంది. మా డిమాండ్లు ఇవి: పేదల ఇళ్లకు వాడే కట్టెకు బోరాన్ పట్టించే తొట్లను మండలానికి ఒకటైనా సర్కారు ఏర్పాటు చేయాలి. వాటిని వడ్రంగుల సహకార సంఘాలకు అప్పగించాలి. డెహ్రాడూన్, బెంగళూరు పరిశోధనా సంస్థల్లో వున్న విజ్ఞానాన్ని తెలుగులో అచ్చువేసి ఊరూరా పంచాలి. ఆ పనిలో వుండే కూలీలకు తొడుగులు, గిట్టుబాటు కూలి ఇవ్వాలి. కట్టె అమ్మే డిపోలు ఏ మందు పట్టించారో బిల్లు మీద రాయాలి.

మందు పట్టించామని కాంట్రాక్టరు చెబితే నమ్మాలా? దానికీ పరీక్ష వుంది, అందులో వాడేది మన పసుపే. కట్టె కోసిన చోట ప్రయోగశాలలో పసుపు సారం, దాని మీద ఆమ్లం పూస్తారు. బోరాన్ వుంటే పసుపు ఎర్రబడుతుంది, లేకపోతే పసుపుగానే వుంటుంది. పేదల ఇళ్లకు వచ్చే కట్టెను ఇలా పరీక్షించి, ఫలితాన్ని జనం ముందు చెప్పాలని అడుగుదాం. ఊళ్లో కొత్త చౌకట్టు లేస్తున్న ప్రతి ఇంటి ముందు ఈ మాట వినబడాలి: కట్టె ఏది, మందు ఏది, పరీక్ష ఎప్పుడు?